గంగన్న ఒక్క వికెట్

మా గ్రౌండుకు పిల్లల్ని తీసుకొచ్చే తండ్రుల్లో ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలిచి ఈ మాట అంటూనే ఉంటారు: "సార్, మావోడు జర లావున్నడు. ఉరుకలేడు. కీపర్‌ను జెయ్యుండ్రి."

మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు ఆ తండ్రి చేతికే గ్లవ్స్ ఇచ్చి, "మీరే జర నా పక్కన కూసోని లేవుండ్రి, రెండు ఓవర్లు సాలు" అంటాను. రెండో ఓవర్ సగంలో ఉండగానే పిల్లవాణ్ని బౌలర్‌ను చేద్దామని ఆయనే అంటాడు.

వికెట్ కీపింగ్ అంటే ఏమిటో తెలియక అందులోకి దిగే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఎన్ని మ్యాచులు ఆడాను, ఎన్ని క్యాచులు పట్టాను అనే లెక్కలు ఇందులో ఉండవు. అవి కావాలంటే ఎక్కడైనా దొరుకుతాయి.

ముందు ఒక సందేహం తీర్చాలి. నేను అంతర్జాతీయ క్రికెటర్‌ని. ఇప్పుడు నేనుంటున్న కోరుట్ల బస్టాండులో ఈ మాట అంటే చాయ్ తాగేవాళ్లు గ్లాసు కింద పెట్టి చూస్తారు.

"ఇండియాకు ఆడినవా?"

"లే. గల్ఫ్‌ల ఉన్నప్పుడు గా దేశం తరపున ఆడిన."

"మనోడివి, గాళ్లకెట్ల ఆడినవే?"

అక్కడి వాళ్లకు క్రికెట్ మీద పెద్దగా మనసు లేదు. బతుకుతెరువు కోసం వెళ్లి కొన్నేళ్లు అక్కడే ఉన్నవాళ్లు ఆ దేశం జట్టుకు ఆడొచ్చు. అందుకని మా జట్టులో లాహోర్ వాళ్లుండేవాళ్లు, కొలంబో వాళ్లుండేవాళ్లు, కేరళ, గుజరాత్ వాళ్లుండేవాళ్లు. పగలు ఎవరి డ్యూటీ వాళ్లది, సాయంత్రం ప్రాక్టీసు. దేశం పేరు రాయను. రాస్తే అప్పటి జట్టులో ఎవరెవరో వెతుకుతారు, అందులో కొందరికి నా మాటలు నచ్చవు.

సాంచల షెడ్డు

మాది సిరిసిల్ల. మరమగ్గాలను మా దగ్గర సాంచలు అంటారు. మా బాపు సాంచలు నడిపేవాడు. షెడ్డులో ఆ చప్పుడుకు పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. అందుకే అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. బాపు ఆ చివర నిలబడి చెయ్యి వెల్లకిలా తిప్పితే నూలు చుట్టిన కండెలు తెమ్మని, బోర్లిస్తే ఆగమని. బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్లు. వేళ్లు రెండు వెనక్కి ఊపితే సేటు వస్తున్నాడని. బడి నుంచి రాగానే నా పని ఆ చెయ్యిని చూస్తూ ఉండటమే. చూపు పక్కకు పోతే పోగు తెగేది, నా వీపు మోగేది.

తర్వాత గల్ఫ్‌లో ఒక పెద్ద కోచ్ నన్ను అడిగాడు, స్పిన్నర్ చెయ్యి ఇంత బాగా చదవడం ఎక్కడ నేర్చుకున్నావని. సిరిసిల్లలో అన్నాను. అక్కడ ఏ అకాడమీ అని అడిగాడు. పేరు గుర్తులేదన్నాను. ఆ మాట బాపుకు ఫోన్లో చెబితే చాలాసేపు నవ్వాడు.

కాబట్టి కీపర్ కావాలనుకునే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఇది: బంతిని చూడటం ఆలస్యం. చెయ్యిని చూడండి.

ఏడో స్థానం

కీపర్‌కు బ్యాటింగ్ కూడా వచ్చి ఉండాలని ఇప్పుడు అందరూ అంటారు. మా రోజుల్లోనూ అన్నారు. నేను ఏడో స్థానంలో ఆడేవాణ్ని. అది విందులో ఆఖరి వరుసలో కూర్చున్నట్టు. ఒక్కోసారి విస్తరి నిండా వడ్డిస్తారు, ఒక్కోసారి చారు మాత్రమే మిగులుతుంది. ఏది మిగిలితే దానితోనే కడుపు నింపుకోవాలి. నా బ్యాటింగ్ చూడముచ్చటగా ఉండేది కాదు. అడ్డదిడ్డంగా ఇరవై ముప్పై పరుగులు చేసి వచ్చేవాణ్ని. ఆ ఇరవై ముప్పైలే నన్ను జట్టులో నిలబెట్టాయి. ఇప్పటి పిల్లలు సెంచరీ వీడియోలు చూసి సిక్సర్లు ప్రాక్టీసు చేస్తున్నారు, గ్లవ్స్ మాత్రం సంచిలోంచి తియ్యరు. వాళ్లకు ఈ మాట చేదుగా ఉంటుందని తెలుసు. అయినా చెబుతాను: నువ్వు వదిలిన క్యాచ్‌ను నీ సెంచరీ తిరిగి తేలేదు.

క్యాచ్ వదిలితే ఏం చేయాలో నాకు నేర్పింది మా కెప్టెన్. లాహోర్ మనిషి, టైర్ల దుకాణంలో సేల్స్‌మన్. ఒకసారి నేను పిల్లలు కూడా పట్టే క్యాచ్ వదిలేశాను. భూమి చీలితే బాగుండనిపించింది. కెప్టెన్ స్లిప్‌లో నుంచి మెల్లగా నా దగ్గరకు వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"సీను భాయ్, ఆజ్ క్యాంప్ మే ఖానా క్యా హై?" అన్నాడు, మేముండే క్యాంపులో ఆ పూట వంటేమిటని.

"పప్పు" అన్నాను.

"సిర్ఫ్ పప్పు?" అని, ఒట్టి పప్పేనా అన్నట్టు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. నాకు నవ్వొచ్చింది. రెండు బంతుల తర్వాత దానికంటే కష్టమైన క్యాచ్ పట్టాను. అలాంటి కెప్టెన్ దొరకడం అదృష్టం. దొరకకపోతే ఆ పప్పు సంగతి మిమ్మల్ని మీరే అడగాలి.

కీపర్‌కు వినపడేవి

ఈ పనిలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. బ్యాట్స్‌మన్ గొణిగేదంతా కీపర్‌కు వినపడుతుంది, ఇంకెవరికీ వినపడదు. ఒకాయన ప్రతి బంతికీ ముందు తన కూతురి పేరు పలికేవాడు. ఒకడు తనను తానే బూతులు తిట్టుకునేవాడు. పేరుమోసిన ఓపెనర్ ఒకాయన, ఫాస్ట్ బౌలర్ పరుగు మొదలుపెట్టగానే సన్నగా రాగం తీసేవాడు. బయట అందరూ ఆయనకు భయమే తెలియదనేవాళ్లు.

ఇవేవీ నేను డ్రెస్సింగ్ రూములో చెప్పలేదు, ఎవరివో ఇప్పుడూ చెప్పను. స్టంపుల వెనక విన్నది స్టంపుల దగ్గరే వదిలేయాలని నాకు నేను పెట్టుకున్న కట్టుబాటు. మనిషి అంత దగ్గరగా తన బలహీనతను మనకు వినిపిస్తున్నాడంటే, దాన్ని బయట అమ్ముకోకూడదు.

ఇంకోటి కూడా గమనించాను. ఎన్ని దేశాలు తిరిగిన వాడైనా, ఎంత ఇంగ్లీషు మాట్లాడేవాడైనా, దెబ్బ తగిలినప్పుడూ గుండె జారినప్పుడూ నోటి నుంచి సొంత భాషే వస్తుంది. గంగన్న కథలో ఈ రెండూ పనికొచ్చాయి. అందుకే ముందుగా చెప్పాను.

గంగన్న

గంగన్న అంటే గంగారాం. కోరుట్ల ఆయన. మా కంపెనీలో నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. లెగ్ స్పిన్ వేసేవాడు. మామూలు బంతి నేల మీద పడి బ్యాట్స్‌మన్‌కు దూరంగా తిరిగేది. దాన్ని మేం సీదాది అనేవాళ్లం. రెండోది గూగ్లీ, లోపలికి తిరిగేది. అది ఉల్టాది. రెండింటికీ చెయ్యి దాదాపు ఒకేలా తిరిగేది.

ఆయన బౌలింగ్ తెలిసిన ఎవరైనా ఆయన్ను జట్టులో పెట్టుకోవాలి. పెట్టుకోలేదు. ఉల్టాది బ్యాట్స్‌మన్‌కే కాదు కీపర్‌కూ అంతుపట్టేది కాదు. బంతి కీపర్‌ను దాటిపోయి బై పరుగులు వచ్చేవి. ట్యాంకర్ డ్రైవర్ కోసం అన్ని పరుగులు వదులుకోలేమని పైవాళ్లు అన్నారు.

ఆయన మాత్రం శుక్రవారం వచ్చిందంటే చాలు, క్యాంపు వెనక కంకర మీద నన్ను నిలబెట్టి పొద్దుగూకేదాకా వేసేవాడు. కొన్ని నెలలకు నాకు దారి దొరికింది. బంతి వదిలే ముందు ఆయన చేతి వెనకభాగం ఒక్క క్షణం నావైపు తిరిగితే ఉల్టాది. సాంచల షెడ్డులో బాపు చెయ్యి బోర్లించినట్టే. నేను జట్టులోకి వచ్చాక కెప్టెన్ దగ్గరకు వెళ్లి చెప్పాను: "గంగన్నను తీసుకోండి. ఒక్క బై పోయినా నన్ను తీసేయండి."

కెప్టెన్ పైవాళ్లను ఒప్పించేసరికి ఆలస్యమైపోయింది. వయసు మళ్లిన డ్రైవర్లను కంపెనీ ఇళ్లకు పంపుతోంది. గంగన్న వీసా మరుసటి నెలతో ముగుస్తుంది. అంటే ఆలోపు పక్క దేశంతో జరగబోయే ఒక్క మ్యాచే ఆయనకు మొదటిది, ఆఖరిది.

"నాకు పేరు అద్దు, పేపర్ల బొమ్మ అద్దు" అన్నాడు మ్యాచ్‌కు వెళ్లే బస్సులో. "ఒక్క వికెట్ సాలు తమ్మీ. కోరుట్లల సావుదాక జెప్పుకుంట."

తెలుగులో అరవడం

మా జట్టులో తెలుగు తెలిసింది మా ఇద్దరికే. ఇంక మాకు సైగలెందుకు? స్టంపుల వెనక నుంచి నేను హాయిగా అరిచేవాణ్ని, ఆయన హాయిగా వేసేవాడు. క్లబ్ మ్యాచుల్లో ఈ పద్ధతి అమోఘంగా నడిచింది. పక్క దేశంతో మ్యాచ్‌లోనూ గంగన్న చేతికి బంతి రాగానే అదే మొదలుపెట్టాను.

"అన్నా, ముందుకచ్చి ఆడుతున్నడు, ఉల్టాది ఏయ్!"

గంగన్న ఉల్టాది వేశాడు. బ్యాట్స్‌మన్ తీరిగ్గా వెనక్కి జరిగి లెగ్ వైపు ఫోర్ కొట్టాడు.

"గీసారి సీదాది, జర బయటికి!"

అదీ ఫోర్. వాడికి ఎలా తెలుస్తోందో మా ఇద్దరికీ అర్థం కాలేదు. కంకర మీద అన్ని శుక్రవారాలు నిలబడితే గానీ నాకు అంతుపట్టని చెయ్యిని, ఈ కుర్రాడు పది నిమిషాల్లో చదివేశాడా అని ఆశ్చర్యపోయాను. నేనింకా గట్టిగా సలహాలిచ్చాను, వాడింకా గట్టిగా కొట్టాడు. కెప్టెన్ గంగన్నను తప్పించి ఫాస్ట్ బౌలర్‌కు బంతి ఇచ్చాడు. గంగన్న తల దించుకుని బౌండరీ దగ్గరకు నడిచాడు.

ఫాస్ట్ బౌలర్ వేసిన మొదటి యార్కర్ ఆ కుర్రాడి బొటనవేలి మీద పడింది.

"ఓయవ్వ! నా కాలు పాయె!"

నా చెవులను నేను నమ్మలేదు. స్కోరు కాగితంలో అతని పేరు ఆర్. రాజేష్ అని ఉంది. మేం ఏ మలయాళీయో అనుకున్నాం.

"నీదేవూరు తమ్మీ?" అన్నాను.

ఒంటికాలి మీద గెంతుతూనే నవ్వాడు. "పెగడపల్లి అన్నా. అసలు పేరు రాజేశం."

"మరి గిప్పటిదాక నోరు మూసుకోని ఉన్నవేందిరా?"

"మీరు మంచిగ ముందుగాల్నే జెప్తున్నరు గదా. ఎందుకు మాట్లాడుత?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఓవర్ మారేటప్పుడు పరుగెత్తి గంగన్నకు చెప్పాను. నన్ను నాలుగు తిడతాడనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"పెగడపల్లా? ఎవలింటోడు?"

నేరుగా రాజేశం దగ్గరకే వెళ్లాడు. వాళ్ల బాపు పేరు అడిగాడు, ఇల్లు ఎక్కడో అడిగాడు. తన మేనత్తను ఆ ఊరికే ఇచ్చారన్నాడు. "నాదిక అయిపాయె తమ్మీ. అచ్చే నెల వీసా క్యాన్సిల్ జేసుకోని ఇంటికి పోతున్న. గిదొక్కటే మ్యాచు" అని కూడా చెప్పాడు. అంపైర్ వచ్చి ఇద్దరినీ విడదీయాల్సి వచ్చింది.

చివర్లో కెప్టెన్ నా ముఖం చూసి గంగన్నకు ఒక్క ఓవర్ ఇచ్చాడు. నా దగ్గర ఉపాయం సిద్ధంగా ఉంది. గంగన్న చెవిలో చెప్పాను: "నేను ఉల్టా అని ఒర్లుత, నువ్వు సీదాది ఏయ్. ఆడు బోల్తవడ్తడు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అద్దు సీను. ఊరోనికి అబద్ధం జెప్పి తీస్కునే దొంగ వికెట్ నాకద్దు. అచ్చేది ఒక్కటే అయినా గది నాదై ఉండాలె. నువ్వు నోరు మూస్కో. నేనేస్త. పట్టుడు నీ పని."

మొదటిసారి నేను స్టంపుల వెనక మౌనంగా కూర్చున్నాను. ముందే అడిగి వేయించుకునే సుఖం లేదు. చెయ్యి చూడటం తప్ప దారి లేదు. మొదటి రెండు బంతులు రాజేశం ఆచితూచి ఆపాడు. మూడో బంతికి గంగన్న చెయ్యి లేచింది. చేతి వెనకభాగం కనిపించింది. నేను లెగ్ వైపు జరిగాను. రాజేశం సీదాది అనుకుని రెండడుగులు ముందుకు దూకాడు. బంతి బ్యాటుకూ ప్యాడుకూ మధ్య దూరి, లెగ్ స్టంపు మీదుగా ఎగిరి నా గ్లవ్స్‌లో పడింది. రాజేశం కాలు వెనక్కి లాక్కునేలోపే బెయిల్స్ ఎగరగొట్టాను. లెగ్ అంపైర్ వేలెత్తాడు.

గంగన్న పిచ్ మీదే మోకాళ్ల మీద కూలబడ్డాడు. కెప్టెన్ ఆయన్ను ఎత్తుకుని తిప్పాడు. నలభై దాటిన మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గులేదు. ఆ మ్యాచ్ మేం ఓడిపోయాం. మా ఇద్దరికీ ఆ సంగతి ఎప్పుడూ గుర్తుండదు.

జగిత్యాల దావత్

నేను ఇంకొన్నేళ్లు ఆడి వచ్చేశాను. మా ఆవిడది కోరుట్ల కావడంతో ఇక్కడే ఉండిపోయి పిల్లలకు నేర్పుతున్నాను. గంగన్న కిరాణా దుకాణం మా గ్రౌండుకు దగ్గరే. సాయంత్రం దుకాణం కోడలికి అప్పజెప్పి వచ్చి నా కీపర్లకు బంతులు వేసేవాడు. వచ్చిన ప్రతి కొత్త పిల్లవాడికీ ఆ వికెట్ కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ బంతి ఇంకాస్త ఎక్కువ తిరిగేది.

రాజేశం కూడా తిరిగొచ్చి జగిత్యాలలో ట్రాక్టర్ సామాన్ల దుకాణం పెట్టుకున్నాడు. మొన్న ఒక పెళ్లి దావత్‌లో దోస్తులు అతణ్ని ఆట పట్టించారట, ట్యాంకర్ డ్రైవర్ చేతిలో ఔటయ్యావని. అతను ఊరుకోకుండా, "పాపం పెద్దమనిషి ఇంటికి పోతున్నడంటే, మనోడని వికెట్ ఇచ్చిన" అన్నాడట. ఆ మాట కోరుట్లకు రావడానికి ఎంతసేపు? గంగన్న గ్రౌండుకు రావడం మానేశాడు.

దుకాణానికి వెళ్లాను. చాయ్ తెప్పించాడు, మామూలుగానే మాట్లాడాడు. లేవబోతుంటే అన్నాడు: "గా దినం దొంగ వికెట్ అద్దన్న సీను. ఆఖరికి బిచ్చమేసిన వికెట్టాయె."

"గట్లెందుకంటవే అన్నా? కాలు ఎన్కకు గుంజుకున్నడు, నేను కండ్లార సూసిన."

"నా బాధ సూడలేక అంటున్నవ్ తమ్మీ."

అంత పెద్ద జీవితంలో ఆయన తనదని చెప్పుకున్నది ఆ ఒక్కటే. నేను చూసింది ఆయన నమ్మలేదు. నేను విన్నది ఇంకోటి ఉంది, కానీ అది బయట పెట్టకూడదన్నది నా కట్టుబాటు. చెప్పినా దాన్నీ ఓదార్పు కిందే కొట్టిపారేస్తాడు. రాజేశంకు ఫోన్ చేసి రమ్మన్నాను. సంగతి విని బిత్తరపోయాడు. మరునాడే వచ్చాడు. పిల్లలు అడుగుతున్నారని చెప్పి గంగన్నను గ్రౌండుకు తీసుకొచ్చాను.

రాజేశం ఎదురెళ్లి ఆయన చేతులు పట్టుకున్నాడు. "పెద్దన్నా, ఉత్తగ నవ్వులాటకన్న. నిజం గాదు."

గంగన్న అతని భుజం తట్టాడు. "గప్పుడు పాపమని వికెట్ ఇచ్చినవ్, గిప్పుడు పాపమని గిట్లంటున్నవ్. నువ్వు మంచోనివే తమ్మీ. నాకేం కోపం లేదు."

కోపం ఉన్నా బాగుండేది. అప్పుడు అడిగాను:

"రాజేశం, బంతి తప్పినంక, నేను బెయిల్స్ కొట్టకముందు, నీ నోట్లకెల్లి ఒక మాటచ్చింది. యాదికున్నదా?"

అతని ముఖం ఎర్రబడింది. "గది గూడ ఇన్నవా అన్నా?"

గంగన్న తలెత్తాడు. "ఏందది?"

"నేను జెప్ప. స్టంపుల కాడ ఇన్నది నేను బయట జెప్ప. ఆణ్నే జెప్పమను."

రాజేశం చుట్టూ ఉన్న పిల్లలను చూశాడు, నేల చూశాడు. "'ఓయవ్వ, సచ్చిన' అన్న, పెద్దన్నా."

గంగన్న నావైపు చూశాడు. నేను తలూపాను. ఆయన పెదవుల చివర మెల్లగా నవ్వు మొదలైంది.

"ఏమన్నవ్? మల్లోపాలి అను."

"ఓయవ్వ, సచ్చిన అన్న."

"గట్టిగ అను. పోరగాండ్లకు గూడ ఇనవడాలె."

రాజేశం గ్రౌండంతా వినపడేలా అరిచాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. గంగన్న లేచి పంచె దులుపుకున్నాడు, బంతి ఇటు ఇమ్మని చెయ్యి చాపాడు. "ప్యాడ్లు కట్టుకో తమ్మీ" అన్నాడు రాజేశంతో.

నేను గ్లవ్స్ తొడుక్కుని స్టంపుల వెనక కూర్చున్నాను. మోకాళ్లు కిర్రుమన్నాయి. గంగన్న నాలుగడుగులు నడిచి చెయ్యి పైకెత్తాడు. చేతి వెనకభాగం కనిపించింది. నోరు మూసుకుని లెగ్ వైపు జరిగాను.